ఏజెన్సీ జీపుల కమాన్ బ్రాకెట్ల మీద కాస్త దృష్టి పెట్టాలి

సంపాదకులకు నమస్కారం.

కార్తీకమాసం దగ్గర పడుతోంది. ఇక సంక్రాంతి దాకా విశాఖ నుంచి అరకు, పాడేరు, వంజంగి, లంబసింగి వైపు బండ్లు బారులు తీరతాయి. కొండ కింది వరకు కారులో వెళ్లినవాళ్లు అక్కడి నుంచి రాళ్ల దారిలో పైకి జీపులే ఎక్కుతారు. బొర్రా దగ్గర కటికి జలపాతానికి వెళ్లేవాళ్లదీ అదే పద్ధతి. ఆ జీపుల గురించి, వారాంతాల్లో కొండలెక్కడానికి సొంతంగా బండ్లు తయారు చేసుకుంటున్న మన ఊరి కుర్రాళ్ల గురించి మీ పాఠకులకు చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. పనిలో పుట్టిన విషయాలు కాబట్టి కాస్త వివరంగానే చెప్పాల్సి వస్తోంది.

గాజువాక ఆటోనగర్‌లో మాది కమాన్ కట్టల షాపు. కమాన్ కట్ట అంటే వంపు తిరిగిన ఉక్కు పట్టీలను ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టిన స్ప్రింగు, బండి బరువు మోసేది అదే. మా నాన్నగారు పెట్టారు, ఇప్పుడు నేను నడుపుతున్నాను. మా బతుకుతెరువు ప్రధానంగా పోర్టు లారీలు, స్టీల్ ప్లాంట్ వైపు తిరిగే ట్రెయిలర్లు. కానీ సీజను ముందు ఏజెన్సీ నుంచి పాత మహీంద్రా జీపులు, బొలెరోలు వస్తాయి. నగరం నుంచి మారుతి జిప్సీలు, పాత మహీంద్రా థార్‌లు వస్తాయి. వచ్చినవాళ్లు ఒక్కటే అడుగుతారు. "అక్కా, బండి ఎంత లేస్తాది?" ఎన్ని పట్టీలు వేస్తే ఎంత ఎత్తు, ఏ టైరు పడుతుంది, ఏ కంపెనీ కట్ట మంచిది, ఇవన్నీ అడుగుతారు. ఆ కట్ట ఛాసిస్‌కి, అంటే బండి కింది ఇనుప చట్రానికి, దేనితో వేలాడుతోంది, ఆ బ్రాకెట్ ఎలా ఉంది, షాకిల్ (కట్ట కొసను బ్రాకెట్‌కి కలిపే ఊగే లింకు) ఎంత పొడుగుండాలి అని అడిగేవాళ్లు బాగా అరుదు. నా దృష్టిలో ముందు అడగాల్సినవి అవే.

ఎందుకో చెబుతాను. 2020లో వచ్చిన కొత్త థార్‌లో కాయిల్ స్ప్రింగులు ఉంటాయి. అక్కడ స్ప్రింగు బరువు మోస్తుంది, వెనక ఇరుసును ముందుకీ వెనక్కీ పక్కకీ జరగకుండా పట్టి ఉంచడానికి వేరే రాడ్లు ఉంటాయి. పాత మహీంద్రా ఎమ్‌ఎమ్ 540 జీపులోను, జిప్సీలోను అలాంటి రాడ్లు లేవు. నాలుగు చక్రాల దగ్గరా కమాన్ కట్టే బరువు మోయాలి, కట్టే ఇరుసును దాని స్థానంలో నిలబెట్టాలి. బొలెరోకి, 2010 నాటి మొదటి థార్‌కి వెనక ఇరుసు సంగతీ ఇంతే. చక్రం తోసే బలం, బ్రేకు కొట్టినప్పుడు పుట్టే బలం, మలుపులో పక్కకు లాగే బలం, అన్నీ కట్ట గుండా వెళ్లి చివరికి ఛాసిస్‌కి బిగించిన బ్రాకెట్ మీద పడతాయి. ఉయ్యాల ఎంత గట్టిదైనా దూలానికి దిగేసిన కొక్కెం వదులైతే పిల్లను అందులో కూర్చోబెట్టం కదా.

కట్టకు రెండు కొసలు ఉంటాయి. ఒక కొస కదలని బ్రాకెట్‌లో పిన్నుతో బిగించి ఉంటుంది. రెండో కొస షాకిల్‌కి వేలాడుతుంది. చక్రం రాయి ఎక్కినప్పుడు వంగి ఉన్న కట్ట చదునవుతుంది, చదునైతే పొడుగవుతుంది. ఆ పెరిగిన పొడుగుకు చోటివ్వడానికే షాకిల్ ఊగుతుంది. బ్రాకెట్లు ఎక్కడ పెట్టాలి, షాకిల్ ఎంత పొడుగు ఉండాలి అన్నదంతా ఈ ఒక్క కదలిక మీదే ఆధారపడి ఉంది. బండిని లేపాలనుకునేవాళ్లు లెక్క వేయనిది కూడా దీన్నే.

లెక్క పెద్ద కష్టం కాదు. రెండు కళ్ల (కట్ట కొసల్లో పిన్ను దూరే చుట్టల) మధ్య దూరం 1000 మిల్లీమీటర్లు, మధ్యలో వంపు 120 మిల్లీమీటర్లు ఉన్న కట్ట తీసుకోండి. అది పూర్తిగా చదునైతే కళ్ల మధ్య దూరం దాదాపు 38 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఇప్పుడు ఎత్తు కోసం వంపు 180 చేయించారనుకోండి. పెరిగే పొడుగు దాదాపు 84 మిల్లీమీటర్లు. వంపు ఒకటిన్నర రెట్లయితే కదలిక రెండు రెట్లు దాటిపోయింది. షాకిల్ రంధ్రం నుంచి రంధ్రానికి 100 మిల్లీమీటర్లుంటే, నిలువుగా ఉన్నది 45 డిగ్రీలు ఊగినా కింది కొస 70 మిల్లీమీటర్లే జరుగుతుంది. మిగిలిన పొడుగు ఎక్కడికి పోవాలి? షాకిల్ వెళ్లి ఛాసిస్‌కి కొట్టుకుంటుంది. లేదా బుష్‌ని, అంటే పిన్ను చుట్టూ ఉండే తొడుగుని, నలిపేస్తుంది. లేదా బ్రాకెట్ వెల్డింగ్ దగ్గర చీలిక మొదలవుతుంది. వంపు పెంచిన కట్ట కొన్నప్పుడు పాత బ్రాకెట్‌నే పాత చోటే ఉంచేస్తే జరిగేది ఇదే. అప్పుడు తిట్లన్నీ కట్టకే పడతాయి. "గట్టి కట్ట వేశారు, నడుం విరిగిపోతోంది" అంటారు. తీరా బండి కిందకి దూరి చూస్తే ఊగడానికి చోటు లేక షాకిల్ ఇరుక్కుపోయి ఉంటుంది.

షాకిల్ ఏ కోణంలో ఉందో బండి చదునైన నేల మీద, మామూలుగా మోసే బరువుతో నిలబడి ఉన్నప్పుడు చూడాలి. జాకీ మీద వేలాడుతున్నప్పుడు చూస్తే ఉపయోగం లేదు. ఛాసిస్ నుంచి కిందికి వేలాడే షాకిల్ అయితే దాని కింది కొస కదలని బ్రాకెట్‌కి దూరంగా, బయటి వైపు కొంచెం వాలి ఉండాలి. చక్రం పైకి వెళ్లినకొద్దీ అది ఇంకా బయటికి ఊగడానికి ఖాళీ ఉండాలి. అదే షాకిల్ లోపలి వైపు, అంటే కదలని బ్రాకెట్ వైపు వాలి ఉంటే, కట్ట పొడుగవ్వాలంటే ముందు ఛాసిస్‌నే పైకి లేపాలి. అందుకే చిన్న రాయికి కూడా బండి ఎగిరి పడుతుంది. చక్రం గుంతలోకి పూర్తిగా దిగినప్పుడు షాకిల్ తిరగబడి ఇరుక్కునే ప్రమాదం కూడా ఇలాంటి బండ్లకే ఎక్కువ.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. సొంతంగా బండి కట్టుకునే కుర్రాళ్లందరికీ ఇది చెబుతాను. బ్రాకెట్‌కి పూర్తి వెల్డింగ్ చేసే ముందు చుక్కలు మాత్రమే పెట్టండి. కట్టలోని మిగతా పట్టీలన్నీ తీసేసి మెయిన్ లీఫ్ (కొసల్లో కళ్లున్న పొడుగు పట్టీ) ఒక్కటే తగిలించండి. ఛాసిస్‌ని స్టాండ్ల మీద నిలబెట్టి, ఇరుసు కింద జాకీ పెట్టి కింది నుంచి పై వరకు మెల్లగా లేపండి. ఒక్క పట్టీయే కాబట్టి చేతికి సులువుగా వంగుతుంది. షాకిల్ ఎటు పోతోంది, ఛాసిస్‌కి ఎక్కడ తగులుతోంది, బ్రేకు గొట్టం ఎక్కడ లాగుతోంది, టైరు మడ్‌గార్డ్‌కి ఎక్కడ రాసుకుంటోంది, అన్నీ కళ్లముందే కనిపిస్తాయి. తర్వాత ఒక చక్రం పైకి, ఇంకో చక్రం కిందికి పెట్టి మళ్లీ చూడండి. కొండ దారిలో బండి నిజంగా ఉండేది అలాగే కదా. బ్రాకెట్ ముందుకు జరపాలో వెనక్కి జరపాలో అప్పుడు తెలుస్తుంది. ఈ పనికి ఒక పూట పోతుంది. ఆ పూట ఆదా చేద్దామనుకునే బండ్లే తర్వాత మా షాపుకి లాగించుకుని వస్తాయి.

ఇక పొడుగు షాకిల్ సంగతి. నన్ను ఎక్కువగా బాధ పెట్టేది ఇదే. తక్కువ ఖర్చులో బండి లేపడానికి అందరూ పట్టుకునే దారి ఇది. పాత షాకిల్ తీసి దానికంటే పొడుగైన ప్లేట్లు బిగించేస్తారు. ఇరుసు కట్ట మధ్యలో ఉంటుంది కాబట్టి షాకిల్ ఎంత పెంచితే అందులో సగమే బండి లేస్తుంది. రెండంగుళాలు పెంచితే ఒక అంగుళం. ఆ ఒక్క అంగుళం కోసం ఏం పోగొట్టుకుంటున్నారో చూడండి. పాత జీపుల్లో ముందు కట్టలకు షాకిల్ బంపర్ వైపు ఉంటుంది, కదలని కొస వెనక ఉంటుంది. ముందు కొస కిందికి దిగితే ఇరుసు మొత్తం తిరుగుతుంది, ముందు చక్రాలు కుడి ఎడమలకు తిరిగే స్టీరింగ్ పిన్నుల పై కొస ముందుకు వాలుతుంది. దీన్నే క్యాస్టర్ తగ్గడం అంటారు. క్యాస్టర్ తగ్గితే మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాదు. తిన్నని రోడ్డు మీద కూడా బండి అటూ ఇటూ తచ్చాడుతుంది. ఇలాంటి జిప్సీ ఒకటి మా దగ్గరికి వచ్చింది. ఆనందపురం వైపు హైవే మీద వేగం అందుకోగానే స్టీరింగ్ వణుకుతోందని టైర్లు మార్చారు, అలైన్‌మెంట్ చేయించారు, స్టీరింగ్ బాక్స్ విప్పించారు. నగరంలోనే ఎవరో పొడుగు షాకిళ్లు బిగించి పంపారు. అవి తీసి అసలు కొలతవి వేశాక వణుకు పోయింది. ఆ కుర్రాడు అప్పటికే బోలెడు డబ్బు తగలేసుకున్నాడు.

అంతేకాదు, పొడుగు షాకిల్ పక్కకి ఊగుతుంది. రెండు విడి ప్లేట్లను రెండు బోల్టులతో కలిపినది మలుపులో తలుపు చట్రం వంగినట్టు ఒరిగిపోతుంది. తప్పనిసరిగా కాస్త పొడుగు షాకిలే వాడాల్సి వస్తే, రెండు ప్లేట్ల మధ్య అడ్డ ముక్క వెల్డ్ చేసి ఒకే ముక్కగా ఉన్నది తీసుకోవాలి. మనుషుల్ని ఎక్కించుకునే బండికి నేనైతే అది కూడా వేయను. ఎత్తు కావాలంటే సరైన వంపున్న కట్ట, దానికి తగ్గ చోట బ్రాకెట్, దానికి తగ్గ పొడుగు షాక్ అబ్జార్బర్, బ్రేకు గొట్టం, ఇవన్నీ కలిపి చేయించుకోవాలి. అంత స్తోమత ఇప్పుడు లేకపోతే బండిని కంపెనీ ఎత్తులోనే ఉంచండి. ఆ ఎత్తులోనే ఈ జీపులు ఏళ్ల తరబడి మన కొండలు ఎక్కాయి.

ముందు షాకిల్‌ని వెనక్కి మార్చడం గురించి కూడా ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. పాత జీపులో ముందు చక్రం రాయికి తగిలితే కట్ట చదునవుతూ ఇరుసును ముందుకు, అంటే రాయి మీదికే తోస్తుంది. అందుకే ఆ కుదుపు. కదలని బ్రాకెట్ ముందుకు, షాకిల్ వెనక్కి మారిస్తే ఇరుసు రాయి నుంచి వెనక్కి తగ్గుతుంది, ప్రయాణం మెత్తగా ఉంటుంది. ఇది నిజమే. కానీ ఇరుసు వెనక్కి జరిగినకొద్దీ ముందు ఇరుసుకు ఇంజను బలం అందించే ప్రొపెల్లర్ షాఫ్ట్ గేర్ వైపు నొక్కుకుంటుంది. షాఫ్ట్ జారే భాగంలో సరిపడా ఖాళీ లేకపోతే ముందు వెనక ఇరుసులకు బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసుకే ఎసరు. గట్టిగా బ్రేకు కొట్టినప్పుడు ముక్కు కిందికి వంగడం కూడా పెరుగుతుంది. అనంతగిరి ఘాట్‌లో కిందికి దిగే బండికి అది చిన్న విషయం కాదు. నేలంతా చదునుగా ఉండి, వేగంగా పోయే దారులకైతే ఈ మార్పు బాగుంటుంది. మన ఘాట్లకు అవసరం లేదని నా అభిప్రాయం.

బ్రాకెట్ ఇనుము గురించి చెప్పాలి. ఉక్కు నగరంలో ఉంటూ దీని మీద ఇంత నిర్లక్ష్యం ఉండటం నాకు మింగుడుపడదు. విరిగిన పాత కమాన్ పట్టీల ముక్కలు ఆటోనగర్‌లో ఎక్కడపడితే అక్కడ దొరుకుతాయి. గట్టి ఇనుము కదా అని వాటినే కోసి షాకిల్ ప్లేట్లుగా, బ్రాకెట్లకు సపోర్టుగా వెల్డ్ చేసేస్తారు. కమాన్ ఉక్కులో కార్బన్ 0.6 శాతం దాకా ఉంటుంది. అది వంగి మళ్లీ లేవడానికి ప్రత్యేకంగా వేడి చేసి, చల్లార్చి తయారు చేసినది. దాన్ని మామూలు పద్ధతిలో వెల్డ్ చేస్తే అతుకు పక్కన గాజులా పెళుసు తేలుతుంది. చూడ్డానికి నున్నగా ఉంటుంది, దెబ్బ తగిలిన రోజు పుటుక్కున విరుగుతుంది. బ్రాకెట్‌కి కావాల్సింది సరైన మందమున్న మామూలు స్ట్రక్చరల్ స్టీల్. ఈ రకం ఉక్కుకి భారత ప్రమాణమైన ఐఎస్ 2062 ముద్ర ఉన్న ప్లేటు వాడమని చెప్పండి. అందులో కార్బన్ తక్కువ, అతుకు బాగా పడుతుంది. అదే కారణంతో బిగించి ఉన్న కట్ట పక్కన వెల్డింగ్ చేసేటప్పుడు దాని మీద నిప్పురవ్వలు పడకుండా కప్పాలి. కమాన్ కట్ట మీద ఎర్త్ క్లిప్పు తగిలించి వెల్డింగ్ చేసేవాళ్లను చూస్తే నాకు గుండె దడ పుడుతుంది.

వెల్డింగ్ ఎక్కడ చేశారన్నది కూడా ముఖ్యం. ఛాసిస్ రైలు (చట్రంలో పొడుగునా ఉండే దూలం) కింది అంచు మీద అడ్డంగా గీత గీసినట్టు వెల్డ్ పెడితే చీలిక అక్కడే మొదలవుతుంది, ఎందుకంటే బండి వంగేటప్పుడు ఎక్కువ బలం పడేది ఆ అంచు మీదే. బ్రాకెట్‌ని రైలు పక్క గోడకు పట్టించాలి. లోపల ఒక ప్లేటు వేసి, దాని కొసలు ఏటవాలుగా కోసి బలాన్ని పరచాలి. డబ్బా ఆకారంలో ఉన్న రైలుకు బోల్టులతో బిగిస్తే లోపల గొట్టపు ముక్క వేయాలి. లేకపోతే నట్టు బిగించినకొద్దీ రైలు లోపలికి నొక్కుకుపోతుంది. నాలుగు రోజులకి నట్టు వదులవుతుంది. మళ్లీ బిగిస్తారు, మళ్లీ నొక్కుకుంటుంది. బ్రాకెట్‌కి రెండు చెంపలూ ఉండాలి, పిన్ను రెండు వైపులా ఆనాలి. ఒక్క ప్లేటుకి పిన్ను వేలాడదీసిన రకం చవగ్గా వస్తుంది కానీ దాన్ని కొండ దారికి వాడొద్దు. రెండు చెంపల మధ్య ఖాళీ బుష్ వెడల్పుకి సరిగ్గా సరిపోవాలి. ఖాళీ ఎక్కువైతే చెంపల్ని లోపలికి లాగి బిగిస్తారు, అప్పుడే మడత దగ్గర పగులు మొదలవుతుంది.

బోల్టు తల మీద దాని బలం చెప్పే 8.8 లేదా 10.9 అని అంకెలు ఉన్నాయో లేదో చూడండి. అంకెలు లేని బోల్టును ఇక్కడ వాడకండి. మర ఉన్న భాగం బ్రాకెట్ చెంపలో పడకుండా, నున్నని భాగమే అక్కడ ఉండేలా పొడుగు ఎంచుకోవాలి. మర మీద బలం పడితే బోల్టు కోసుకుపోతుంది. ఇంకో మాట, కొత్త బ్రాకెట్లు వేశాక కుడి ఎడమ కదలని పిన్నుల నుంచి ఇరుసు కొసలకు టేపుతో అడ్డంగా, ఐమూలగా కొలవండి. రెండు ఐమూలలూ సమానంగా రాకపోతే బండి పీతలా పక్కకి నడుస్తుంది, టైర్లు అరిగిపోతాయి.

బుష్‌ల విషయంలో ఎవరి అవసరం వాళ్లది. రబ్బరు బుష్ తనలో తాను మెలితిరిగి కదలికకు చోటిస్తుంది, శబ్దం ఉండదు, గ్రీజు అక్కర్లేదు. దాని బోల్టును బండి చక్రాల మీద నిలబడ్డాకే పూర్తిగా బిగించాలి. జాకీ మీద వేలాడుతుండగా బిగిస్తే, కిందికి దించగానే రబ్బరు శాశ్వతంగా మెలిపడి ఉండిపోతుంది, త్వరగా చిరుగుతుంది. పాలీయూరిథేన్ బుష్ గట్టిగా ఉంటుంది, ఎక్కువ కాలం వస్తుందంటారు. కానీ అది లోపలి గొట్టం మీద తిరగాలి కాబట్టి దానికి తగిన గ్రీజు లేకపోతే కిచకిచమంటుంది. కొండ దారిలో కట్ట మెలితిరిగేటప్పుడు అది లొంగదు, ఆ బలాన్ని బ్రాకెట్ మీదికే పంపిస్తుంది. రోజూ బురద వాగులు దాటే ఏజెన్సీ జీపుకి నేను గన్‌మెటల్ (ఒక రకం కంచు) బుష్, రంధ్రమున్న పిన్ను, గ్రీజ్ నిపుల్ (గ్రీజు ఎక్కించే చిన్న మూతి) ఉన్న షాకిల్ సిఫారసు చేస్తాను. వారానికోసారి కొత్త గ్రీజు కొడితే పాత బురద బయటికి వచ్చేస్తుంది. ఆ ఓపిక ఉన్న డ్రైవరుకి అంతకు మించినది లేదు. నగరంలో సెలవు రోజు మాత్రమే బండి తీసే కుర్రాడికి రబ్బరే మంచిది. మన సముద్రపు గాలికి మరో జాగ్రత్త అవసరం. రుషికొండ, భీమిలి వైపు రాత్రంతా ఆరుబయట నిలబడే బండ్లకు షాకిల్ బోల్టులు గొట్టంలోనే తుప్పుపట్టి బిగుసుకుపోతాయి. షాకిల్ ఊగడం మానేస్తే కట్ట ఎంత మంచిదైనా రాయిలా ఉంటుంది.

యూ బోల్టుల దగ్గర జరిగే నిర్లక్ష్యం ప్రాణాంతకం. కట్టను ఇరుసుకు పట్టి ఉంచేది వాటి బిగింపే. మధ్యలో ఉండే సెంటర్ బోల్టు కట్ట ఎక్కడ కూర్చోవాలో చూపిస్తుంది, అంతే, దానికి ఇరుసును ఆపే శక్తి లేదు. యూ బోల్టులు వదులైతే సెంటర్ బోల్టు తెగుతుంది, ఇరుసు వెనక్కి జరిగిపోతుంది. ఒకసారి సాగిన యూ బోల్టుని మళ్లీ వాడకూడదు. కొత్తవి వేశాక కొన్ని వందల కిలోమీటర్లు తిరిగి వచ్చి మళ్లీ బిగించుకోవాలి. మేం బిగించి పంపేటప్పుడు ఈ మాట ప్రతి డ్రైవరుకీ చెబుతాం. తిరిగి వచ్చేవాళ్లు కొందరే. ఇక కట్టను ఇరుసు కింద నుంచి తీసి పైన కూర్చోబెట్టే పని, దాంతో బండి ఒక్కసారిగా నాలుగైదు అంగుళాలు లేస్తుంది, మా షాపులో చేయం. ఇంజను బలానికి ఇరుసు మెలితిరిగి కట్ట ఎస్ ఆకారంలో వంగుతుంది. దాన్ని ఆపడానికి అదనపు రాడ్డు, దానికి ఇంకో బ్రాకెట్, స్టీరింగ్ లింకు మార్పు, ఇలా పని పెరుగుతూనే ఉంటుంది. దాన్ని మధ్యలో ఆపేసిన బండి రోడ్డు మీద తిరగడం చూస్తే భయమేస్తుంది.

చట్టం కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే స్పష్టం చేసింది. అరిగిన బ్రాకెట్ తీసి అదే కొలతతో, అదే చోట మంచి బ్రాకెట్ వేసుకోవడానికి ఏ అడ్డూ లేదు. ఏజెన్సీ జీపులకు కావాల్సింది కూడా అంతే.

వాటి గురించే నాకు ఎక్కువ ఆందోళన. నగరపు కుర్రాడి బండి మూలన పడితే అతని సరదా ఆగుతుంది. అల్లూరి సీతారామరాజు జిల్లాలో జీపు ఆగితే ఊరు ఆగుతుంది. వారపు సంతకు పసుపు, పిప్పళ్లు, రాజ్‌మా మోసేది అదే. రోడ్డు లేని చోట డోలీలో మోసుకొచ్చిన గర్భిణిని రోడ్డు మొదలైన దగ్గర నుంచి ఆసుపత్రికి చేర్చేది చాలాసార్లు అదే. సీజనులో అదే జీపు వెనక మనుషులు వేలాడుతూ పర్యాటకుల్ని ఎక్కించుకుని రాళ్ల మీద ఎక్కుతుంది. బరువంతా వెనక కట్ట మీద, దాని వెనక షాకిల్ బ్రాకెట్ మీద పడుతుంది. ఆ బ్రాకెట్ వెనక చక్రం చిమ్మే బురదకి ఎదురుగా ఉంటుంది కాబట్టి తుప్పు కూడా ముందు దానికే పడుతుంది. మా దగ్గరికి వచ్చే ఏజెన్సీ జీపుల్లో పిన్ను రంధ్రం కోడిగుడ్డు ఆకారంలో సాగిపోయినవి తరచూ కనిపిస్తాయి. డ్రైవర్లకు తెలియక కాదు. "ఈ సీజను గడవనీ అక్కా, సంక్రాంతి తర్వాత చేయించేద్దాం" అంటారు. ఆ బండి సంపాదించేది ఆ రెండు మూడు నెలల్లోనే కాబట్టి వాళ్ల కష్టం నాకు అర్థమవుతుంది. అందుకే సీజను మొదలవకముందే ఈ పని జరగాలని అడుగుతున్నాను.

రవాణా శాఖ అధికారులు ఫిట్‌నెస్ పరీక్షలో లైట్లు, హారన్, బ్రేకులు చూసినట్టే ఏజెన్సీ జీపుల కిందకి కూడా దూరి చూడాలి. అరకులోను, పాడేరులోను సీజను ముందు ఒక్కో రోజు బండ్లన్నీ ఒకచోట చేర్చి చూస్తే చాలు. దీనికి యంత్రాలేమీ అక్కర్లేదు. ఒక టార్చి, చిన్న సుత్తి, గడ్డపార ఉంటే సరిపోతుంది. బ్రాకెట్ అంచుల్లో, వెల్డింగ్ పక్కన తుప్పు గీతలా కారుతుంటే అక్కడ పగులున్నట్టే. యూ బోల్టు మీద సుత్తితో తడితే గట్టిగా ఉన్నది ఖణేల్‌మంటుంది, వదులుగా ఉన్నది బొంగురుగా పలుకుతుంది. గడ్డపారతో కట్ట కన్ను దగ్గర తిప్పి చూస్తే బుష్ అరిగిందో లేదో తెలుస్తుంది. షాకిల్ ఛాసిస్‌కి కొట్టుకుంటుంటే ఆ చోట రంగు లేచి ఇనుము మెరుస్తుంటుంది. బండికి పావుగంట పడుతుంది. ఐటీఐ విద్యార్థుల్ని ఈ పనిలో కలుపుకుంటే వాళ్లకీ చేయి తిరుగుతుంది.

పర్యాటకులకు ఒక విన్నపం. జీపు ఎక్కేముందు వెనక్కి వెళ్లి ఒకసారి కిందికి వంగి చూడండి. రెండు వైపులా షాకిళ్లు ఒకేలా వాలి ఉన్నాయా, బండి ఒక పక్కకి ఒరిగి ఉందా గమనించండి. తేడా కనిపిస్తే డ్రైవర్ని మర్యాదగా అడగండి, ఇంకో బండి చూసుకోండి. వెనక వేలాడుతూ ప్రయాణం చేయకండి.

అరకులోగాని పాడేరులోగాని రవాణా శాఖ అలాంటి తనిఖీ పెడితే మా షాపు నుంచి ఇద్దరు మేస్త్రీలను, గ్రీజు గన్‌ను, కొలత టేపులను పంపడానికి నేను సిద్ధంగా ఉన్నాను. ఆ రోజు కూలి కూడా మేమే ఇచ్చుకుంటాం. ఆటోనగర్‌లో ఇదే పని చేసే మరికొందరు కూడా వస్తామన్నారు. తేదీ చెబితే చాలు.

ఇట్లు
కమాన్ కట్టల షాపు నిర్వాహకురాలు,
ఆటోనగర్, గాజువాక, విశాఖపట్నం